స్టీలు మెజరింగ్ స్పూన్ల సెట్టు: పెద్దవి నిజం చెబుతాయి, చిన్నవి చెప్పవు

బేగంబజారులోని ఒక స్టీలు సామాన్ల దుకాణంలో 250 రూపాయలకు కొన్న ఈ మెజరింగ్ స్పూన్ల సెట్టులో ఆరు స్పూన్లు ఒకే రింగుకు గుచ్చి ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది టేబుల్ స్పూను, దాని తరువాతది అర టేబుల్ స్పూను, ఆపైన వరుసగా టీ స్పూను, అర టీ స్పూను, పావు టీ స్పూను, చివరగా పావులో సగం పట్టే బుల్లి స్పూను. కాడల మీద కొలతలు మిల్లీలీటర్లలో కూడా చెక్కి ఉన్నాయి. ఇదే మూసలో తయారైన సెట్లు వేర్వేరు పేర్లతో, వేర్వేరు అట్టపెట్టెల్లో దొరుకుతున్నాయి కనుక తయారీదారు పేరు చెప్పడం వల్ల చదివేవారికి ఒరిగేదేమీ లేదు. ఏ పేరుతో కొన్నా ఏమి చూసుకోవాలో చెప్పడమే ఉపయోగం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టీ స్పూనుకూ టేబుల్ స్పూనుకూ మధ్య ఉన్న తేడాను ఈ సెట్టు నమ్మకంగా చూపిస్తుంది, కానీ అర టీ స్పూను కంటే చిన్న కొలతలకు దిగేసరికి మాట తప్పుతుంది. వంటలో అసలు జాగ్రత్త అవసరమయ్యేది ఆ చిన్న కొలతల దగ్గరే.

గిన్నెలూ బిందెలూ కిలో లెక్కన తూచి అమ్మే ఆ వీధిలో ఇలాంటి సెట్టు అడిగేవారు తక్కువేననుకుంటాను. దుకాణంలోని కుర్రవాడు అటక మీది నుంచి పెట్టె దింపుతూ, "ఇంట్లో స్పూన్లు లేవా అమ్మా, ఏ స్పూనైతే ఏముంది" అన్నాడు. ఆ ప్రశ్న చాలామందిది కనుక దానికి జవాబు చెప్పి ముందుకు వెళ్ళడం మంచిది. కొలతగా చూస్తే టీ స్పూను అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను అంటే 15 మిల్లీలీటర్లు. అంటే మూడు టీ స్పూన్లు కలిస్తే ఒక టేబుల్ స్పూను. ఇంతవరకు లెక్క సులువే. చిక్కంతా మన స్పూన్ల స్టాండులో ఉంది. అక్కడ చక్కెర డబ్బాలో వేసుకునే చిన్న స్పూను ఒకటి, ఉప్మా తినే స్పూను ఒకటి, కూర వడ్డించే పెద్ద స్పూను ఒకటి ఉంటాయి. ఉప్మా తినే స్పూను ఈ రెండు కొలతల్లో దేనికీ చెందదు. ఇంగ్లండులో దాన్ని డెసర్ట్ స్పూను అంటారు, దాని కొలత సుమారు 10 మిల్లీలీటర్లు, అంటే టీ స్పూనుకు రెట్టింపు, టేబుల్ స్పూనులో మూడింట రెండు వంతులు. మన ఇళ్ళలో ఏ విశేషణమూ లేకుండా స్పూను అని పిలిచేది ఎక్కువగా దీన్నే. వంట చెప్పేవారు ఒక స్పూను ఉప్పు అన్నప్పుడు వారి చేతిలో ఉన్నది చక్కెర డబ్బాలోని చిన్న స్పూనా, ఉప్మా తినే స్పూనా అన్నదాన్ని బట్టి కూరలో ఉప్పు సరిపోవడమో రెట్టింపు కావడమో జరుగుతుంది.

ఇది మన దేశానికే పరిమితమైన గందరగోళం కాదు. గ్రీసు దేశంలో ఏథెన్సు పరిసర ప్రాంతంలోని 25 ఇళ్ళ నుంచి స్పూన్లు సేకరించి కొలిచిన ఒక పరిశీలన 2010లో వెలువడింది. ఆ ఇళ్ళలోని టీ స్పూన్లలో అన్నిటికంటే చిన్నది 2.5 మిల్లీలీటర్లు పట్టగా పెద్దది 7.3 పట్టింది, టేబుల్ స్పూన్లు 6.7 నుంచి 13.4 మిల్లీలీటర్ల దాకా ఉన్నాయి. ఈ అంకెలను కాస్త ఆగి చూడాలి. ఒక ఇంటి టీ స్పూను మరో ఇంటి టేబుల్ స్పూను కంటే పెద్దది కావచ్చునన్నమాట, పైగా అక్కడి టేబుల్ స్పూన్లలో ఒక్కటి కూడా 15 మిల్లీలీటర్లకు చేరలేదు. అందంగా కనిపించడానికీ నోటికి అనువుగా ఉండడానికీ చేసే స్పూను కొలత కోసం తయారైనది కాదు, దాని నుంచి కొలత ఆశించడం దాని తప్పు కాదు. ఆ కొరత తీర్చడానికే ఈ సెట్టు.

అయితే కాడ మీద 5 అని చెక్కినంత మాత్రాన గుంటలో 5 పట్టాలని లేదు. పరీక్షించడానికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. మందుల దుకాణంలో దొరికే 5 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేకుండా, ఇందుకు చక్కగా సరిపోతుంది. స్పూనును గట్టు మీద కదలకుండా ఆనించి, సిరంజిలో 5 గీత దాకా నీళ్ళు తీసి నెమ్మదిగా వదిలితే, చివరి చుక్కతో నీరు అంచును తాకాలి. ఈ సెట్టులోని టీ స్పూను ఆ పరీక్షలో నెగ్గింది. టేబుల్ స్పూనులో మూడు సిరంజిల నీరు పోస్తే చివర్లో ఒకటి రెండు చుక్కలు పొర్లాయి, అంటే 15కి కొద్దిగా తక్కువ. వంటకు ఆ తేడా లెక్కలోకి రాదు. అర టేబుల్ స్పూను 7.5 మిల్లీలీటర్లు పట్టాలి, పట్టింది. అర టీ స్పూను కూడా ఫరవాలేదు.

పావు టీ స్పూను దగ్గర మొదలైంది తేడా. అది 1.25 మిల్లీలీటర్లు పట్టాలి. అంత చిన్న గుంటలో నీటితో కొలవడం కూడా మోసపూరితమే, ఎందుకంటే నీరు అంచు దాటినా పొర్లకుండా ఉబ్బి నిలుస్తుంది, ఆ ఉబ్బు చిన్న స్పూనులో పెద్ద పాలే అవుతుంది. కనుక పొడి ఉప్పుతో చూడడం మేలు. పావు స్పూనును నిండా తీసి, అంచుకు సమంగా గీసి, టీ స్పూనులో వేస్తూ పోతే నాలుగో దానితో టీ స్పూను సరిగ్గా నిండాలి. ఇక్కడ నాలుగోది వేయగానే ఉప్పు గుట్ట కట్టి పక్కలకు జారింది. వంటింటి త్రాసు మీద మళ్ళీ చూశాను. ఆ త్రాసు ఒక గ్రాము కంటే చిన్నదాన్ని చూపదు కనుక పావు స్పూనుతో పది సార్లు నీళ్ళు తీసి ఒకే గిన్నెలో పోసి తూచితే పన్నెండున్నర గ్రాములు రావలసిన చోట 15 వచ్చింది. అంటే పావు అని రాసిన స్పూను నిజానికి పావు కంటే అయిదో వంతు ఎక్కువ. ఇక పావులో సగం పట్టవలసిన బుల్లి స్పూను మరీ ఉదారంగా ఉంది. ఎనిమిదింటితో నిండవలసిన టీ స్పూను ఆరో దానితోనే నిండి పొంగింది.

ఇందుకు కారణం ఊహించడం కష్టం కాదు. రేకును అచ్చులో నొక్కి గుంట చేసేటప్పుడు లోతులో అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే టేబుల్ స్పూనులో అది తెలియదు, బుల్లి స్పూనులో మాత్రం అదే తేడా మొత్తం కొలతలో పెద్ద వాటా అవుతుంది. కారణం ఏదైనా కొనేవారికి కావలసింది ఫలితం. చిన్న స్పూన్లతో మనం ఏమి కొలుస్తామో ఒకసారి చూడండి: వంటసోడా, పసుపు, ఇంగువ, నిమ్మ ఉప్పు, మిఠాయి రంగు. కేకు చేసేటప్పుడు ఒక కప్పు మైదాకు పావు టీ స్పూను వంటసోడా అన్నది చాలామంది పాటించే లెక్క. అక్కడ అయిదో వంతు ఎక్కువ పడితే కేకు పాడైపోదు గాని, నాలుగు కప్పుల పిండికి చేసినప్పుడు ఆ మిగులు దాదాపు ఇంకో పావు స్పూను అవుతుంది, అప్పుడు సబ్బు వాసన లాంటి రుచి నాలుకకు తగులుతుంది. మిరపకాయ బజ్జీల పిండిలో సోడా ఎక్కువైతే బజ్జీలు నూనె పీల్చి, వేగకముందే ఎర్రబడతాయి. నిమ్మ ఉప్పు ఎక్కువైతే చెప్పనే అక్కరలేదు. కొలత తప్పినా సర్దుకుపోయే ధనియాల పొడికి సరైన స్పూనూ, సర్దుకోని సోడాకు సరిగా లేని స్పూనూ ఇచ్చిందీ సెట్టు. నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

ఆకారం విషయంలో మాత్రం మెచ్చుకోవలసిందే ఎక్కువ. మెజరింగ్ స్పూనులో చూడవలసిన మొదటి విషయం కాడ ఎక్కడి నుంచి మొదలవుతుందన్నది. తినే స్పూనుకు కాడ గుంట అంచు నుంచి పైకి వంపు తిరిగి ఉంటుంది, చేతికి అదే సుఖం. కొలత స్పూనుకు అలా ఉండకూడదు. కాడ గుంట అంచుతో ఒకే మట్టంలో తిన్నగా సాగితే, చాకు వెనుకవైపును కాడ మొదట్లో ఆనించి గుంట కొస దాకా ఒక్క ఊపులో లాగవచ్చు, పైన ఉన్న మిగులంతా డబ్బాలోకే రాలిపోతుంది. ఈ సెట్టులో ఆరింటికీ కాడలు అంచుతో సమంగానే ఉన్నాయి. నేను చూసిన ప్లాస్టిక్ సెట్లలో కాడ మొదట్లో చిన్న గట్టు లాంటిది లేచి ఉంటుంది, చాకు అక్కడ తట్టుకుని ఎగురుతుంది, గీసిన పొడి ఒక పక్క పల్లంగానూ మరో పక్క ఎత్తుగానూ మిగులుతుంది.

ఇలా సమంగా గీయడం చాదస్తమని అనిపించవచ్చు. గుట్టగా తీసిన టీ స్పూను కారం అంచుకు గీసిన స్పూనుకు దాదాపు రెట్టింపు పట్టగలదు, మెత్తని పిండి అయితే ఇంకా ఎత్తుగా నిలుస్తుంది. అంటే టీ స్పూనుకూ టేబుల్ స్పూనుకూ ఉన్న మూడింతల తేడాలో దాదాపు సగం మన చేతి ఒడుపే మింగేస్తుంది. గుంట వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటే ఈ గుట్ట మరింత పెద్దదవుతుంది. ఇరుకుగా, లోతుగా ఉంటే తగ్గుతుంది. ఈ సెట్టులోని టేబుల్ స్పూను గుండ్రంగా, వెడల్పుగా ఉంది, అందువల్ల నెయ్యి సీసాలోకీ తేనె సీసాలోకీ దూరదు. పోపుల పెట్టెలోని గిన్నెల్లోకి టీ స్పూను దాకా సులువుగా వెళ్తాయి. కోలగా చేసిన స్పూన్ల సెట్లు కూడా అదే దుకాణంలో ఉన్నాయి, ధర కాస్త ఎక్కువ. మసాలా పొడులన్నీ ఇరుకు మూతి సీసాల్లో ఉంచుకునేవారు అవి తీసుకోవడం మంచిది.

స్పూను సరైనదే అయినా బరువు దగ్గర మరో లెక్క ఉంది. స్పూను కొలిచేది పరిమాణాన్ని, బరువును కాదు. ఒక టీ స్పూను నీళ్ళు 5 గ్రాములు, అదే టీ స్పూను చక్కెర సుమారు 4 గ్రాములు, పొడి ఉప్పు సుమారు 6 గ్రాములు. టేబుల్ స్పూను మైదా 8 గ్రాములకు అటూ ఇటూ, టేబుల్ స్పూను తేనె 21 గ్రాములు. ఒక్క ఉప్పులోనే ఎన్ని తేడాలో: గళ్ళుప్పు పలుకుల మధ్య ఖాళీలు ఉండడం వల్ల అదే స్పూనులో తక్కువ బరువు పడుతుంది. అమెరికాలో ఉంటున్న మనవారు వాడే, పలుకులు పెద్దగా ఉండే కోషర్ ఉప్పులో తేలికైన రకాలు టీ స్పూనుకు 3 గ్రాములకు మించవు, అంటే మన పొడి ఉప్పులో సగం. హైదరాబాదులో ఒక టీ స్పూను ఉప్పుతో సరిపోయిన పప్పు డల్లాస్‌లో అదే టీ స్పూనుతో చప్పగా ఉండడానికి స్పూను కారణం కాదు.

ఆరోగ్యం కోసం కొలుచుకునేవారికి ఈ రెండు స్పూన్ల తేడా మరింత అక్కరకొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు వాడమంటుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా 5 గ్రాములు దాటవద్దనే చెబుతున్నాయి. అంటే అంచుకు గీసిన ఒక టీ స్పూను కూడా పూర్తిగా కాదు, దానికి కాస్త తక్కువే, అందులోనే కూరలూ పచ్చడీ మజ్జిగా అన్నీ ఇమడాలి. అలాగే భోజనంలో ఒక స్పూను నెయ్యి వేసుకోవచ్చని ఎవరైనా చెబితే అది ఏ స్పూనో తేల్చుకోవాలి. టీ స్పూను నెయ్యిలో సుమారు 40 కేలరీలు ఉంటే టేబుల్ స్పూనులో సుమారు 120 ఉంటాయి. ముద్దపప్పు మీద టేబుల్ స్పూను నెయ్యి పోసుకుని ఒక్క స్పూనేగా అనుకునేవారి లెక్క పూటకు 80 కేలరీలు తప్పుతుంది. నూనె సంగతీ ఇంతే. ఇందుకు ఈ సెట్టులోని టీ స్పూనూ టేబుల్ స్పూనూ నిక్కచ్చిగా పనికొచ్చాయి. మా ఇంట్లో నూనె క్యాను పక్కనే టేబుల్ స్పూను వేలాడదీసిన తరువాత పోపుకు ఎంత పోస్తున్నామో మొదటిసారి అంకెలో తెలిసింది.

అన్ని వంటలకూ ఈ స్పూన్లు కావాలనడం అతిశయోక్తి. ఆవకాయకు వీటితో పని లేదు. అక్కడ కారం, ఆవపిండి, ఉప్పు ఒకే గిన్నెతో పాళ్ళ లెక్కన పడతాయి, గిన్నె ఏదైనా పాళ్ళు మారవు. గిద్దె, సోల, తవ్వలతో కొలిచిన రోజుల్లో కూడా పద్ధతి అదే, నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ. పులిహోరకూ కందిపొడికీ చేతివాటం చాలు. ఒకే మనిషి ఒకే స్పూనుతో ఏళ్ళ తరబడి వండే ఇంట్లో ఆ స్పూనే ప్రమాణం. ఒకరి వంటను మరొకరు మరో వంటింట్లో చేయబోయినప్పుడే కొలత స్పూను అవసరం పడుతుంది. అరకిలో బెండకాయ వేపుడుకు ఒక టీ స్పూను ఉప్పు, అంటే 6 గ్రాములు, చాలామందికి సరిపోతుంది. చెప్పింది టీ స్పూనైనా విన్నవారు టేబుల్ స్పూనుతో వేస్తే 18 గ్రాములు పడి, ఆ వేపుడు ఎవరూ తినలేనిదవుతుంది.

విదేశీ వంటకాలు చేసేవారు మరొక సంగతి గమనించాలి. అమెరికాలో వంటల రాతల్లో ఆంగ్లపు చిన్న టీ అక్షరం ఒక్కటే వేస్తే టీ స్పూను, పెద్ద టీ అక్షరం వేస్తే టేబుల్ స్పూను. అచ్చులో ఆ తేడా కంటికి ఆనక తప్పిపోవడం తేలిక. అమెరికా టీ స్పూను నిక్కచ్చిగా 4.93 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను 14.79, మన 5, 15లతో పోలిస్తే ఈ తేడా పట్టించుకోనక్కరలేదు, అక్కడి ఆహార పొట్లాల మీది లెక్కలకు కూడా 5, 15లే తీసుకుంటారు. ఆస్ట్రేలియాలో అలా కాదు. అక్కడి టేబుల్ స్పూను 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీ స్పూన్లు. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడిన కూతురు పంపిన కేకు కొలతలను ఇక్కడి టేబుల్ స్పూనుతో తీస్తే ప్రతి టేబుల్ స్పూనుకూ ఒక టీ స్పూను తగ్గుతుంది. అందుకే కాడ మీద మిల్లీలీటర్లు చెక్కి ఉండడం ఈ సెట్టులో నాకు నచ్చిన అంశం. స్పూను పేరు దేశాన్ని బట్టి మారుతుంది గాని మిల్లీలీటరు మారదు.

మందు కొలవడానికి ఈ సెట్టును వాడవచ్చునా అని ఎవరికైనా ఆలోచన వస్తే, వాడవద్దనే నా సలహా. టీ స్పూను 5 మిల్లీలీటర్లు సరిగ్గా పడుతున్నా వాడవద్దు. పిల్లల జ్వరానికి ఇచ్చే పారాసెటమాల్ సిరప్పే 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉండే రకమూ, 250 మిల్లీగ్రాములు ఉండే రకమూ దొరుకుతున్నాయి. అంటే సీసా మారితేనే మోతాదు రెట్టింపవుతుంది, దానికి తోడు టీ స్పూను బదులు టేబుల్ స్పూను చేతికొస్తే అది మరో మూడింతలు. చిక్కని సిరప్పు స్పూను గుంటకు అంటుకుని కొంత మిగిలిపోతుంది, ఏడ్చే పిల్లవాడి నోటి దగ్గర కొంత ఒలుకుతుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2015లో, నీటి మందుల మోతాదును మిల్లీలీటర్లలోనే రాయాలనీ, ఇంటి స్పూన్లతో ఇవ్వకూడదనీ సూచించింది. సీసాతో వచ్చే గీతల మూతను గానీ, సూది లేని సిరంజిని గానీ వాడడమే క్షేమం.

విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్ పొట్లం అందుబాటులో లేక ఇంట్లోనే ద్రావణం కలపవలసి వచ్చిన సందర్భం మాత్రం వేరు, అక్కడ సరైన టీ స్పూను నిజంగా ఆదుకుంటుంది. ఒక లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, అన్నీ అంచుకు సమంగా గీసినవే కావాలి. గుట్టగా వేస్తే ఉప్పు ఎక్కువై పసివారికి హాని చేస్తుంది, టేబుల్ స్పూనుతో వేస్తే ఇక చెప్పేదేముంది. పొట్లం దొరికితే ఈ కొలతలతో పనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన 20.5 గ్రాముల పొట్లాన్ని మొత్తంగా ఒక లీటరు నీటిలో కలపాలి, అందులోంచి స్పూనుతో తీసి గ్లాసులో కలపకూడదు.

పనితనం గురించి చెప్పవలసింది తక్కువే. స్టీలు మందంగా ఉంది, టేబుల్ స్పూనుతో గట్టిపడిన బెల్లం పాకం గీకినా కాడ వంగలేదు. అక్షరాలు చెక్కినవి కనుక పీచుతో తోమినా చెరగవు. రంగుతో అచ్చు వేసిన సెట్లలో కొద్ది నెలలకే అంకెలు పోయి, ఏది పావో ఏది సగమో తెలియకుండా పోతుంది. గుంటా కాడా ఒకే రేకులో తీసినవి, అతుకు లేదు, అందువల్ల పసుపూ జిడ్డూ ఇరుక్కునే చోటు లేదు. రింగు విషయమే విసుగు పుట్టిస్తుంది. ఆరు స్పూన్లనూ కలిపి బిగించిన ఆ రింగు గోటితో తెరుచుకోదు. పసుపులో ఒక్క స్పూను ముంచితే కడిగేటప్పుడు ఆరూ తడుస్తాయి, తడి స్పూను కారం డబ్బాలోకి వెళ్తే కారం ఉండ కడుతుంది. పటకారుతో రింగు తీసేసి విడివిడిగా వాడుకోవడమే దారి. తీసేస్తే బుల్లి స్పూను ఎక్కడో పోతుందన్న భయం ఉండవచ్చు గాని, ఈ సెట్టులో బుల్లి స్పూను పోయినా నష్టం లేదు.

చిన్న స్పూన్ల తేడా చెప్పి మార్చమని అడిగితే దుకాణదారు పేచీ పెట్టలేదు. కానీ ఆయన పెట్టెలోంచి తీసి ఇచ్చిన మరో సెట్టులో కూడా పావు స్పూను నాలుగు సార్లు వేసేసరికి టీ స్పూను దాటి గుట్ట కట్టింది, అంటే లోపం అచ్చులోనే ఉంది. అందుకని సెట్టు మార్చకుండా పాతదే ఉంచుకుని, అందులోని పావు స్పూనునూ బుల్లి స్పూనునూ పక్కన పెట్టి, కాడ అంచుతో సమంగా ఉన్న కోల ఆకారపు పావు టీ స్పూనును 40 రూపాయలకు విడిగా కొన్నాను. కొనేముందు కౌంటరు మీదే, దుకాణంలో టీ కోసం ఉంచుకున్న చక్కెరతో దాన్ని టీ స్పూనులో నాలుగు సార్లు వేసి చూడనిచ్చారు. అది సరిగ్గా అంచు దాకా నిండింది.